బొమ్మ బ్రహ్మాండం... మాటే మాయం!

“ఏందయ్యా ఇదీ? నా నోరు కదుల్తా ఉంది గానీ, పాటేదీ?”

మా పెద్దమ్మ ఈ ప్రశ్న వేసినప్పుడు నేను తల దించుకున్నాను. ఎందుకంటే... నిజంగానే పాట లేదు! తెర మీద పెద్దమ్మ ఉంది. మోకాళ్ల లోతు బురదలో నడుం వంచి, చేతిలో నారు కట్టతో, వెనకాల పదిమంది ఆడవాళ్లతో అచ్చం సినిమాస్కోప్ బొమ్మలా ఉంది. ఆకాశంలో మబ్బులు, మడిలో మబ్బుల నీడలు... ఫొటోగ్రఫీకి నాకు నేనే నూటికి నూరు మార్కులు వేసుకున్నాను. మరి సౌండో? “బుర్ర్ర్...” మని ఒకటే గాలి. ఆ గాలి వెనకాల ఎక్కడో బావిలోంచి పిలుస్తున్నట్టు సన్నగా ఓ గొంతు. అదైనా కాస్త వినబడే వేళకి కాజీపేట వైపు నుంచి ఓ గూడ్సు బండి వచ్చి, హారన్ కొట్టి, తన పెట్టెలన్నీ ఒక్కొక్కటే లెక్కపెట్టుకుంటూ వెళ్లిపోయింది!

ఇది 2019 వానాకాలం నాట్లప్పటి ముచ్చట. ఊరు ఎర్రుపాలెం. మధిర దాటాక వచ్చే స్టేషను. ఖమ్మం జిల్లా మా దగ్గర అయిపోతుంది, ఇంకాస్త ముందుకు పోతే ఆంధ్రా. కాజీపేట - విజయవాడ లైను మీద ఉన్నాం కాబట్టి మా ఊళ్లో చాలామందికి గడియారంతో పనిలేదు. ఏ బండి కూత ఏదో చెప్పేస్తారు. అంతవరకు బాగానే ఉంది గానీ, వీడియో తీసేవాడికి మాత్రం ఆ పట్టాలు పక్కలో బల్లెం.

ఆ రోజు పెద్దమ్మ పాడినవి మూడు పాటలు. వాళ్లమ్మ దగ్గర నేర్చుకున్నవట. మా ఊళ్లో ఆ మూడూ మొదటి నుంచి చివరిదాకా వచ్చినవాళ్లు ఇంకెవరూ లేరు. “ఇంకోసారి పాడు పెద్దమ్మా, ఈసారి సరిగ్గా పడతాను” అన్నాను. ఆమె నవ్వింది. “పాటంటే పంపు తిప్పితే వచ్చే నీళ్లా అయ్యా? నాటు పడాల. నడుం వంగాల. పక్కన గొంతు కలిపేవాళ్లుండాల. మళ్లీ యేటికి చూద్దాంలే” అంది.

మళ్లీ యేటికి కరోనా వచ్చింది. ఆ తర్వాత యేడు ఆ పొలంలో నాట్లు వేయడానికి బీహారు నుంచి కూలీలు దిగారు. వాళ్ల పాటలు వాళ్లకున్నాయి. మా పెద్దమ్మ గట్టు మీద నిలబడి చూసొచ్చింది. అదే సంవత్సరం ఆమెకు పళ్లు తీసేసి, సెట్టు పెట్టారు!

చూశారా, సినిమాల్లోనే కాదు, జీవితంలో కూడా రీటేకు ఉండదు ఒక్కోసారి.

ఇంతకీ తప్పెక్కడ జరిగింది? అది కనుక్కోవడానికి నాకు నాలుగేళ్లు పట్టింది. మీలో చాలామంది ఫోను పట్టుకుని షార్ట్ ఫిల్ములు తీస్తున్నారని నాకు తెలుసు. నేను తగలేసినంత డబ్బు, కాలం మీరు తగలెయ్యకూడదనే ఈ సొద.

అందరూ చేసే పొరపాటే నేనూ చేశాను. జూమ్ చేశాను! గట్టు మీద నిలబడి, ఇరవై అడుగుల దూరంలో ఉన్న పెద్దమ్మ మొహాన్ని తెర నిండా తెచ్చుకున్నాను. లెన్సు బొమ్మని దగ్గరికి లాగుతుంది. కానీ మైకు? అది నేను నిలబడ్డ చోటే ఉంది! ఫోనుకి పెట్టిన బుల్లి మైకు దృష్టిలో పెద్దమ్మ పాట దూరం, నా చెవి పక్కన వీచే గాలి దగ్గర. దూరం రెండింతలైతే మైకుకి అందే శబ్దం బలం నాలుగో వంతుకి పడిపోతుంది. సౌండు ఇంజనీర్ల భాషలో 6 డెసిబెల్స్ నష్టం. ఒక అడుగు దూరాన ఉండాల్సిన మైకు ఇరవై అడుగుల దూరాన ఉంటే ఏం మిగులుతుందో మీరే లెక్క వేసుకోండి. లక్ష రూపాయల మైకు ఇరవై అడుగుల దూరాన పెట్టడం కంటే, వెయ్యి రూపాయల మైకు అడుగు దూరాన పెట్టడం మేలు. ఈ ఒక్క ముక్క ఆ రోజు నాకెవరైనా చెప్పి ఉంటే బాగుండేది.

చెప్పేవాడు లేకపోలేదు. మా బావ ఉన్నాడు. పెళ్లిళ్లకు వీడియోలు తీస్తాడు. “సౌండుదేముంది బావా, పైన పాటేస్తే సరిపోద్ది” అంటాడు. అదే వాడి సిద్ధాంతం. మన పెళ్లి వీడియోలన్నీ అంతే గదా! తాళి కట్టేటప్పుడు పురోహితుడు ఏం చదివాడో, పెళ్లికూతురి తండ్రి అప్పగింతల్లో ఏం చెప్పుకొని ఏడ్చాడో ఎవరికీ వినబడదు. ఆ యేటి హిట్టు పాట పెట్టేస్తారు. మా ఇంట్లో మా పిన్ని పెళ్లి క్యాసెట్టు ఉంది. అందులో మా తాత ఓ అర నిమిషం కెమెరాలోకి చూసి ఏదో చెబుతాడు. నేను పుట్టకముందు సంగతి. ఆయన్ని నేను చూడలేదు. ఆ అర నిమిషం మీద ఓ డ్యూయెట్టు నడుస్తూ ఉంటుంది. పాట మంచిదే, తప్పు పట్టను. కానీ మా తాత గొంతు ఎలా ఉంటుందో నాకు ఈనాటికీ తెలియదు.

సరే, పట్టుదల వచ్చింది. హైదరాబాదు వెళ్లినప్పుడు కోఠీలో గుజరాతీ గల్లీ అంతా తిరిగాను. అక్కడ మైకులు చూస్తే కళ్లు తిరుగుతాయి. పొడుగ్గా తుపాకీ గొట్టంలా ఉండేవి, కాలరుకి పెట్టుకునేవి, తీగ ఉన్నవి, తీగ లేనివి, చేత్తో పట్టుకునేవి... ఒక దుకాణం ఆయన షాట్‌గన్ మైకు చూపించి, “ఇది కెమెరా మీద పెట్టండి సార్, వంద అడుగుల అవతల గుసగుసలాడినా పట్టేస్తుంది” అన్నాడు. నమ్మకండి! షాట్‌గన్ అంటే జూమ్ లెన్సు కాదు. ఎదురుగా ఉన్నదాన్ని తీసుకుని, పక్కల నుంచి వచ్చే రొదని కొంత తగ్గిస్తుంది, అంతే. దూరాన్ని దగ్గర చెయ్యదు. పైగా చిన్న గదిలో గోడలకి కొట్టుకుని తిరిగొచ్చే శబ్దంతో అది తికమక పడి, డబ్బాలో మాట్లాడినట్టు వినిపిస్తుంది. ఆరుబయట మనిషి నెత్తి మీద, ఫ్రేము అంచుకి ఆనించి పట్టుకుంటే మాత్రం దాని పనితనం చూడాలి!

నా జేబుకి అందింది ఆరు మీటర్ల తీగ ఉన్న కాలర్ మైకు. ఇలాంటివి కొనేటప్పుడు ముందు ప్లగ్గు చూడండి. పిన్ను మీద నల్ల గీతలు రెండుంటే కెమెరాది, మూడుంటే ఫోనుది. ఒకదాన్ని ఇంకోదాంట్లో గుచ్చితే లోపలికి చక్కగా దిగుతుంది గానీ పలక్కపోవచ్చు. మధ్యలో చిన్న అడాప్టరు కావాలి. నేను కొన్నదానికి ఈ బాధ లేకుండా ఒక స్విచ్చు ఉంది. ఇటు తిప్పితే ఫోను, అటు తిప్పితే కెమెరా. ఈ స్విచ్చే నా కొంప ముంచింది.

మధిర వైపు ఓ పెద్దాయన ఉన్నారు. టూరింగు టాకీసుల రోజుల నుంచి ప్రొజెక్టరు ఆపరేటరు. ఆయన్ని ఇంటర్వ్యూ చేద్దామని మా బావ కెమెరా పట్టుకుని వెళ్లాను. ఎన్ని చెప్పారని! కార్బన్ కడ్డీల వెలుగు, రీలు తెగితే నేల టిక్కెట్టు వాళ్ల ఈలలు, రెండు హాళ్లకి ఒకే ప్రింటు ఉంటే సైకిలు మీద రీళ్లు మోసిన కుర్రాళ్లు... మీకు ఇంకో చిత్రం చెప్పనా? ఫిల్ము మీద ఒక బొమ్మ పక్కనే ఉన్న శబ్దం ఆ బొమ్మది కాదట! శబ్దం సుమారు ఇరవై ఫ్రేములు ముందుంటుంది. ఎందుకంటే బొమ్మ దగ్గర ఫిల్ము ఆగి, ఆగి నడవాలి. శబ్దం దగ్గర మాత్రం ఆగకుండా నీళ్లలా సాగాలి. అందుకని రెంటికీ యంత్రంలో వేర్వేరు చోట్లు. ఫిల్ము ఎక్కించేటప్పుడు ఆ మధ్య వదిలే లూపు కొంచెం ఎక్కువ తక్కువైతే, హీరో పెదవి ఒకప్పుడు, మాట ఇంకొకప్పుడు! “అప్పుడు జనం స్క్రీన్ని తిట్టరు బాబూ, నన్ను తిడతారు” అన్నారు నవ్వుతూ.

గంటసేపు మాట్లాడారు. ఇంటికొచ్చి చూసుకుంటే “సుస్స్...” మని ఒకటే హోరు. స్విచ్చు ఫోను వైపు ఉండిపోయింది! కెమెరాకి హెడ్‌ఫోను పెట్టుకుని పది సెకన్లు విని ఉంటే అక్కడే తెలిసిపోయేది. పెట్టుకోలేదు. పెద్దల ముందు చెవులు మూసుకుని కూర్చోవడం మర్యాద కాదనుకున్నాను. ఎంత తెలివో చూడండి!

మళ్లీ వెళ్లాను. ఆయన ఏమీ అనలేదు. మళ్లీ చెప్పారు. కానీ రెండోసారి చెప్పినప్పుడు అదంతా అప్పగించిన పాఠంలా వచ్చింది. మొదటిసారి రీళ్ల కుర్రాడి కథ చెబుతూ ఆయన గొంతు ఒకచోట ఆగింది. రెండోసారి ఆగలేదు. అప్పటి నుంచి హెడ్‌ఫోను లేకుండా నేను రికార్డు బటన్ నొక్కను. చెవిని పూర్తిగా మూసే రకం కొనుక్కోండి. మైకు తర్వాత మొదటి ఖర్చు దానికే.

ఆ తర్వాత 2022 వేసవిలో ఓ పని మీద భద్రాచలం దాటి ఏజెన్సీలోకి వెళ్లాను. ఓ కోయగూడెంలో కొమ్ము నృత్యం. మగవాళ్లు అడవిదున్న కొమ్ములున్న తలపాగాలు చుట్టుకుని, మెడలో బారెడు డోళ్లు వేసుకుని వాయిస్తుంటే, ఆడవాళ్లు ఒకరి భుజాల మీద ఒకరు చేతులు వేసుకుని అడుగులు వేస్తారు. చూస్తుంటే ఒళ్లు జలదరిస్తుంది. ఈసారి మైకు దగ్గరగానే పెట్టాను, హెడ్‌ఫోనూ పెట్టుకున్నాను. అయినా ఇంకో కొత్త గొయ్యిలో పడ్డాను!

ఫోన్లోనూ, చాలా కెమెరాల్లోనూ సౌండుని దానంతటదే పెంచి తగ్గించే ఏర్పాటు ఉంటుంది. మంచి ఉద్దేశంతో పెట్టిందే. కానీ డోలు మీద ఓ దెబ్బ పడగానే అది బెదిరిపోయి మొత్తం సౌండు తగ్గించేస్తుంది. ఆ వెనకే ఆడవాళ్ల పాట వినబడకుండా మునిగిపోతుంది. డోలు ఆగగానే “అరే, నిశ్శబ్దంగా ఉందే!” అనుకుని పెంచుకుంటూ పోతుంది. అప్పుడు ఎక్కడో కూస్తున్న కీచురాళ్లు చెవుల్లో కూర్చుంటాయి. సరే, దాన్ని ఆపేసి నా చేత్తో పెట్టుకుందామని మామూలు మాటలకి సరిపోయేంత పెట్టాను. డోలు దెబ్బకి గీత పైకప్పు తాకి, తల నరికిన తాటిచెట్టులా బల్లపరుపుగా తయారైంది! డిజిటల్ రికార్డింగులో సున్నా అంటే పైకప్పు. దానికి పైన ఏమీ లేదు. తగిలిందంటే శబ్దం చిట్లిపోతుంది. ఆ చిట్లిన దాన్ని తర్వాత ఏ బ్రహ్మదేవుడూ సరిగ్గా అతికించలేడు. అందుకని గొంతు ఎంత పెరిగినా గీత మైనస్ 12 దగ్గర ఆడేట్టు పెట్టుకోవాలి. తక్కువగా రికార్డయితే తర్వాత పెంచుకోవచ్చు. 24 బిట్‌లో రికార్డు చేస్తే ఆ వెసులుబాటు బోలెడుంటుంది. ఇప్పుడు 32 బిట్ ఫ్లోట్ అని కొత్త రికార్డర్లు వచ్చాయి. 2024లో వచ్చిన ‘జూమ్’ కంపెనీ బుల్లి రికార్డరులో కూడా ఆ సదుపాయం ఉంది. వాటిలో ఈ పైకప్పు గొడవ దాదాపు లేదు. అయితే మైకే తట్టుకోలేనంత మోత అయితే మాత్రం అవీ ఏమీ చెయ్యలేవు.

ఆ అడవి సీమలో మాట అంటే పుస్తకం కింద లెక్క. మణుగూరు దగ్గర కూనవరం వాసి సకిని రామచంద్రయ్యగారికి 2022లో పద్మశ్రీ వచ్చింది. సమ్మక్క సారలమ్మల కథలు, కోయ వీరుల చరిత్రలు నోటితో పాడి వినిపించిన మనిషి. 2024 జూన్‌లో పోయారు. అలాంటి గొంతుల దగ్గర మైకు తప్పు పెట్టిన వాడు లైబ్రరీకి నిప్పు పెట్టినవాడితో సమానమని నా అభిప్రాయం. కొంచెం ఎక్కువ చేసి చెబుతున్నానంటారా? అనుకోండి!

ఇక్కడ ఓ సినిమా కబురు చెప్పాలి. 1931లో మన దేశపు తొలి టాకీ ‘ఆలం ఆరా’ తీసేటప్పుడు అర్దేషిర్ ఇరానీకి వచ్చిన చిక్కేమిటో తెలుసా? స్టూడియో పక్కనే రైలు పట్టాలు! అచ్చం మా ఎర్రుపాలెం కష్టమే. అప్పట్లో మాట, బొమ్మ ఒకేసారి ఫిల్ము మీదికి ఎక్కాలి. తర్వాత డబ్బింగు చెప్పుకుందామంటే కుదరదు. అందుకని బళ్లు లేని రాత్రి ఒంటి గంట నుంచి నాలుగు గంటల మధ్య షూటింగు చేసేవారట. మైకుల్ని నటుల చుట్టుపక్కల కెమెరాకి కనబడకుండా దాచేవారట. మరుసటి సంవత్సరమే, 1932లో, హెచ్.ఎం. రెడ్డిగారి ‘భక్త ప్రహ్లాద’తో తెలుగు తెర కూడా మాట నేర్చింది.

ఆ తర్వాత చాలా కాలం మద్రాసు స్టూడియోల్లో ఫ్లోరు మీదే మాటలు రికార్డు చేశారు. కెమెరా రొద వినబడకుండా దానికో తొడుగు. నటుల నెత్తి మీద కర్రకి వేలాడే మైకు. పాత నలుపు తెలుపు సినిమాల్లో ఆ మహానటుల ఊపిరి కూడా వినిపిస్తుందంటే కారణం అదే. ఔట్‌డోరు షూటింగులు పెరిగాక, చప్పుడు చేసే తేలికపాటి కెమెరాలు వచ్చాక డబ్బింగు రాజ్యమేలింది. మళ్లీ 2001లో ‘లగాన్’ లొకేషను సౌండుతో వచ్చేసరికి అందరూ తలతిప్పి చూశారు. మన దగ్గర 2018లో ‘కేరాఫ్ కంచరపాలెం’ అక్కడి మనుషుల మాటని అక్కడే పట్టింది. చూసినవాళ్లకి తెలుసు, ఆ వీధి మన చెవిలోకి ఎలా వచ్చి కూర్చుందో. 2021లో వచ్చిన ‘సినిమా బండి’లో ఆటోలో దొరికిన కెమెరాతో ఊళ్లోవాళ్లు సినిమా తీస్తుంటే మనం పడి పడి నవ్వాం. నేను మాత్రం కొన్ని సీన్ల దగ్గర నవ్వలేదు. అది నా కథే గదా!

సరే, మళ్లీ పెద్దమ్మ దగ్గరికి వద్దాం.

2023 చలికాలం. “నాట్లు లేకపోతే లేకపోయె. ఇంట్లో కూర్చుని పాడు పెద్దమ్మా” అని నెల రోజులు బతిమాలాను. చివరికి సరేనంది. షరతు ఒకటే. “నీ ఇష్టమొచ్చిన టైముకి కాదు, నాకు మెలకువొచ్చిన టైముకి.” ఆమెకి మెలకువ వచ్చేది తెల్లవారుజామున మూడున్నరకి! నేను ఎగిరి గంతేశాను. ‘ఆలం ఆరా’ టైము!

ముందురోజు సాయంత్రమే సెట్టు వేశాం. నడిమింటి గోడలు ఉత్త సిమెంటు. చప్పట్లు కొడితే “టంగ్” మని మోగుతోంది. మంచం నిలబెట్టి దాని మీద బొంతలు, తలుపులకి దుప్పట్లు, కింద పరుపు. గది ఒక్కసారిగా మూగదైంది. ఫ్యాను ఆపేశాం. ఫ్రిజ్ ఆపేసి, మోటారు సైకిలు తాళం చెవి అందులోనే పెట్టాం. ఇది సౌండు రికార్డిస్టుల పాత చిట్కా. పొద్దున బండి తీయాలంటే ఫ్రిజ్ తెరవాలి, తెరిస్తే దాన్ని ఆపేశామన్న సంగతి గుర్తొస్తుంది. లేకపోతే పాలు విరిగి పెద్దమ్మ చేత నాలుగు తిట్లు. ఫోన్లన్నీ ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టించాను. లేదంటే మైకు తీగలోకి “డిక్ డిక్ డిక్” అని దూరుతాయి.

మూడున్నర అయింది. చీరకి కాలర్ మైకు పెట్టాను. హెడ్‌ఫోనులో “గరగర” చీర. దాని మీద నల్లపూసలు టక్కు టక్కు. పైగా పెద్దమ్మ పాడేటప్పుడు చెయ్యి ఊపి తాళం వేస్తుంది. గాజులు గలగల! నోరు జారాను. “పెద్దమ్మా, ఆ గాజులు కొంచెం తీసి పక్కన...”

“ఏందీ! గాజులు తియ్యమంటావా? మీ పెదనాన్న బతికుండగా? నీ మైకు నాశనం గాను!”

పక్కగదిలోంచి పెదనాన్న దగ్గు. మా బావ నవ్వు ఆపుకోలేక బయటికి పరుగు. నా తప్పే. మైకు కోసం మనిషిని మార్చకూడదు, మనిషిని బట్టి మైకుని మార్చాలి. చీర మీద మైకు తీసేసి, బూజుకర్ర చివర రికార్డరు కట్టి, మా బావ చేతికిచ్చాను. పెద్దమ్మ తల మీద నుంచి కొంచెం ముందుకి, మూరెడు ఎత్తున, ఛాతీ వైపు చూపిస్తూ పట్టుకోమన్నాను. చీర గరగర పోయింది. పూసలు పోయాయి. గాజులు మాత్రం ఉన్నాయి, పాటకి ఎంత దూరంలో ఉండాలో అంత దూరంలో. విని చూస్తే అవి తాళమే! తియ్యమన్నందుకు నాకే సిగ్గేసింది.

గొంతు కలపడానికి ఇద్దరు ఇరుగుపొరుగు అత్తలు వచ్చారు. అందులో ఒకామెది కంచు గొంతు. ఆమెని రెండడుగులు వెనక్కి కూర్చోబెట్టాం. ముగ్గురికీ ఒక్కటే మైకు. ఎవరి గొంతు ఎంత కావాలో కూర్చునే చోటే తేల్చేసింది.

కెమెరా పెట్టబోతుంటే పెద్దమ్మ చెయ్యి అడ్డం పెట్టింది. నోట్లోంచి పళ్ల సెట్టు తీసి గిన్నెలో వేసింది. “ఇది ఉంటే మాట తిరగదయ్యా. ఇది లేకపోతే మొహం బాగుండదు. పాట తీస్కో, బొమ్మ తియ్యొద్దు.”

చూశారా విధి! మొదటిసారి బొమ్మ ఉంది, పాట లేదు. ఈసారి పాట ఉంది, బొమ్మ లేదు!

పాడింది. రెండో పాట మధ్యలో గూడ్సు బండి వచ్చింది. అందరం ఆగి, అది వెళ్లిపోయేదాకా కూర్చుని, చరణం మళ్లీ మొదటి నుంచి ఎత్తుకున్నాం. మూడూ అయ్యాక “ఎవ్వరూ కదలొద్దు” అని చెప్పి, ముప్పై సెకన్లు ఉత్త గదిని రికార్డు చేశాను. ఉత్త గదికి కూడా ఓ సౌండు ఉంటుంది. రేపు ఎడిటింగులో రెండు ముక్కలు అతికేటప్పుడు మధ్యలో అది పరవకపోతే, సినిమా ఒక్క క్షణం చెవిటిదైనట్టు ఉంటుంది.

ఆ మీదట కూర్చుని 2019 బొమ్మ మీద 2023 పాట వేయడానికి ప్రయత్నించాను. అంటే డబ్బింగు! అయితే కుదిరితేనా? వంగి నాటేసేటప్పుడు పాడిన నడక వేరు, మంచం పక్కన కూర్చుని పాడిన నడక వేరు. పెదవులు ఎక్కడా కలవలేదు. పాటని సాగదీసి చూశాను. గొంతు జీవం పోయింది. చివరికి క్లోజప్పులన్నీ తీసి పారేశాను. నేనే నూరు మార్కులు వేసుకున్న క్లోజప్పులు! దూరపు షాట్లు, నీళ్లలో చేతులు, నారు కట్టలు, వరసగా వెనక్కి నడిచే పాదాలు... వీటి మీద పాట నడిపాను. పాత శబ్దంలోంచి కూడా ఓ రెండు ముక్కలు, నీళ్ల చప్పుడు ఉన్నచోట, అడుగున సన్నగా కలిపాను.

అది పెద్దమ్మకి చూపించిన రోజు హెడ్‌ఫోను నేనే ఆమె చెవులకి పెట్టాను. మన గొంతు మనకి లోపల ఎముకల్లోంచి కూడా వినబడుతుంది కాబట్టి, రికార్డులో విన్నప్పుడు ఎవరిదో అనిపిస్తుంది. ఇది తెలిసిందే. “నా గొంతు ఇట్టా ఉందా?” అంటుందనుకున్నాను. ఆమె ఏమీ అనలేదు. మొదటి పాట అయ్యేదాకా కళ్లు మూసుకుని కూర్చుంది. తర్వాత హెడ్‌ఫోను చేత్తో గట్టిగా అదిమి పట్టుకుని, చెవుల్లో పాట ఉన్నవాళ్లు మాట్లాడినట్టు కేకేసి చెప్పింది.

“ఇది నేను కాదయ్యా! మా అమ్మ!”

పెదనాన్న వాకిట్లోంచి తొంగి చూశాడు. పెద్దమ్మ హెడ్‌ఫోను తీసి నా ఒళ్లో పెట్టింది. కొంగుతో మొహం తుడుచుకుంది. కాసేపటికి, “కోతలప్పుడు పాడేది ఇంకోటుంది. నీకు చెప్పలా. మొత్తం గుర్తుందో లేదో... దాంట్లో బ్యాటరీ ఉందా?” అంది.

రికార్డరు తీసి చూశాను. రెండు గీతలున్నాయి. లేచి ఫ్యాను ఆపేశాను.